మీ బండి, మా జవాబు: పాత ఏటీవీ హ్యాండిల్ ఆడుతుంటే

ఈసారి ఉత్తరాలన్నీ స్టీరింగ్ వదులు గురించే వచ్చాయి. రిసార్టుల్లో, తోటల్లో, బీచ్‌ల్లో ఏళ్ల తరబడి తిరిగిన ఏటీవీలవే (బైకులా హ్యాండిల్‌తో నడిపే, రోడ్డు లేని చోటా తిరిగే నాలుగు చక్రాల బండ్లు) ఎక్కువ. ఏజెన్సీ నుంచి ఒక జీపు ప్రశ్న కూడా ఉంది.

ప్రశ్న: మా రిసార్టులో పాత 250 సీసీ ఏటీవీ ఉంది. పవర్ స్టీరింగ్ లేదు. హ్యాండిల్ పిడి దగ్గర దాదాపు రెండు అంగుళాలు ఊరికే ఆడుతోంది, ఆ తర్వాత గానీ చక్రాలు కదలవు. మెకానిక్ టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు, బేరింగులు మొత్తం మార్చేద్దామంటున్నాడు. అన్నీ మార్చక తప్పదా?
— వికారాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అన్నీ మార్చనక్కర్లేదు. వదులు ఎక్కడుందో తేలకుండా ఒక్క పార్టు కూడా కొనకండి.

మీ బండిలో కారుకు ఉన్నట్టు స్టీరింగ్ బాక్సు ఉండదు. హ్యాండిల్ కింద నిలువు షాఫ్టు, దాని అడుగున రెండు రంధ్రాలున్న పలక, ఆ పలక నుంచి కుడికీ ఎడమకీ చెరో టై రాడ్, రాడ్ చివర చక్రాన్ని పట్టుకున్న నకల్ అనే ఇనుప దిమ్మ. రాడ్ రెండు కొసల్లో ఉండే కీళ్లే టై రాడ్ ఎండ్లు. నకల్‌ని ఎ ఆర్మ్‌కి, అంటే ఫ్రేము నుంచి చక్రం దాకా వచ్చే చేతికి, కలిపే గుండు కీలు బాల్ జాయింటు. అంతే. మధ్యలో గేర్లు లేవు కాబట్టి బండి మంచి స్థితిలో ఉంటే హ్యాండిల్‌లో ప్లే (చక్రం కదలకుండా ఊరికే ఆడటం) దాదాపు కనిపించకూడదు.

ఇక్కడ ఒక లెక్క తెలిసి ఉండాలి. షాఫ్టు మధ్య నుంచి పిడి చివరికి సుమారు 38 సెంటీమీటర్లు, అదే షాఫ్టు నుంచి టై రాడ్ బిగించే రంధ్రానికి 5 సెంటీమీటర్లు అనుకోండి. కింద కీలులో 1 మిల్లీమీటరు వదులుంటే పైన పిడి దగ్గర ఏడెనిమిది మిల్లీమీటర్లు కనిపిస్తుంది. మీరు చెప్పిన రెండు అంగుళాలు, అంటే 50 మిల్లీమీటర్లు, కింద ఆరేడు మిల్లీమీటర్ల వదులుకు సమానం. ఒక్క టై రాడ్ ఎండ్ అరిగితే ఇంత రాదు. రెండు మూడు చోట్ల అరుగుదల కలిసి ఉండాలి, లేదా షాఫ్టు దగ్గరే పెద్ద వదులు ఉండాలి.

ముందు టైర్లలో గాలి చూడండి. ఈ టైర్లకు సాధారణంగా 3 నుంచి 5 పీఎస్‌ఐ చాలు, మీ బండికి ఎంతో టైరు మీదో ఫెండర్ స్టిక్కరు మీదో ఉంటుంది. పంక్చర్ షాపులో బైకు గేజి ఇంత తక్కువ గాలిని సరిగా చూపించదు. 0 నుంచి 10 పీఎస్‌ఐ చూపే గేజి ఒకటి కొని పెట్టుకోండి. అలవాటుగా 20 కొట్టించిన టైరు ప్రతి రాయి మీదా ఎగిరి హ్యాండిల్‌ని లాగేస్తుంది, అది చూసి స్టీరింగ్ పోయిందనుకునేవాళ్లు చాలామంది. తర్వాత హ్యాండిల్ క్లాంపు బోల్టులు, చక్రాల నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూడండి. హ్యాండిల్ క్లాంపు కింద రబ్బరు బుష్‌లు ఉన్న మోడలైతే అవి చితికినా పైన ఊగుతుంది.

ఇప్పుడు బండిని గట్టి నేల మీద నిలిపి, ఒకరిని హ్యాండిల్ మెల్లగా అటూ ఇటూ కదపమనండి. మీరు ముందు కూర్చుని చక్రాలను చూడండి. ఒక వైపు కీళ్లు బిగువుగా ఉంటే హ్యాండిల్ కదలగానే ఆ వైపు చక్రం కదిలి తీరాలి. ఒక చక్రం వెంటనే కదిలి రెండోది ఆలస్యంగా కదిలితే లోపం ఆ రెండో వైపు ఉంది. రెండూ కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరుగుతుంటే, రెండు వైపులా కీళ్లు అరిగి ఉండాలి, లేదా రెంటికీ ఉమ్మడిగా ఉన్న షాఫ్టు దగ్గర వదులుండాలి. మీ వర్ణన బట్టి మీది ఈ రెండో రకం. అందుకే షాఫ్టు మీద అనుమానం ముందు పెట్టుకోండి.

షాఫ్టును పరీక్షించడానికి హ్యాండిల్‌ని తిప్పకుండా ముందుకూ వెనక్కూ ఊపండి. పైన షాఫ్టుని పట్టుకున్న క్లాంపు దగ్గర బొటనవేలు సగం షాఫ్టు మీద, సగం క్లాంపు మీద ఆనించి ఉంచితే ఎంత చిన్న కదలికైనా తెలిసిపోతుంది. అక్కడ కదిలితే పై బుష్ పోయినట్టే. హ్యాండిల్‌ని నిలువుగా పైకి లాగి కిందికి నొక్కినప్పుడు టక్కుమంటే అడుగు బేరింగో దాని కింది నట్టో వదులు. చాలాసార్లు కింది బేరింగు అరిగితే పలక తిరగడానికి బదులు పక్కకు జరుగుతుంది. పైనుంచి అది కనిపించదు. టార్చి వేసి బండి కింద నుంచి చూడాలి.

తర్వాత వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, ముందు భాగం జాకీతో లేపండి. జాకీ ఫ్రేము కింద, మధ్యలో చెక్క దుంగ వేసి పెట్టాలి. ఎ ఆర్మ్ కింద పెడితే కొన్ని మోడళ్లలో బాల్ జాయింటు మీద బరువు పడి వదులు దాగిపోవచ్చు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఊగితే, ఇంకొకరిని ముందు బ్రేకు గట్టిగా పట్టి ఉంచమని మళ్లీ ఊపండి. బ్రేకు పట్టగానే ఊపు ఆగితే హబ్ బేరింగు పోయింది, ఎందుకంటే బ్రేకు హబ్‌నీ నకల్‌నీ కలిపి పట్టేస్తుంది. బ్రేకు పట్టినా ఊగుతుంటే బాల్ జాయింటో ఎ ఆర్మ్ బుష్‌లో అనుకోవాలి. అదే చక్రాన్ని ఈసారి కుడీ ఎడమా పట్టుకుని ఊపుతూ, టై రాడ్ రెండు చివర్లనూ చేత్తో తాకి చూడండి. అరిగిన ఎండ్ వేళ్ల కింద కదులుతుంది. దాని రబ్బరు బూటు చిరిగి, లోపల గ్రీజుకు బదులు ఇటుక రంగు ముద్ద కనిపిస్తే ఇక పరీక్షతో పని లేదు, మార్చేయండి.

మార్చవలసినవి తేలాక కొనే పని. ఒక టై రాడ్‌కి రెండు ఎండ్లు, అందులో ఒకటి కుడి మర, ఇంకొకటి ఎడమ మర. ఎడమ మరదాని మీద చాలా కంపెనీలు ఎల్ అని అచ్చు వేస్తాయి. పాతదాన్ని షాపుకు తీసుకెళ్లి మర సైజు, స్టడ్ (నకల్ రంధ్రంలో దూరే కాడ) టేపరు (అది సన్నబడే వాలు), పొడవు మూడూ వెర్నియర్‌తో సరిపోల్చుకోండి. మర 10 ఎంఎమ్మో 12 ఎంఎమ్మో ఉంటుంది, పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) తరచూ 1.25 ఎంఎం. చూపుకు ఒకేలా ఉన్నా 1.5 పిచ్ ఎండ్‌ని 1.25 రాడ్‌లోకి బలవంతంగా ఎక్కిస్తే రెండు మరలూ పోతాయి. ఒక రాడ్ మీద ఒక ఎండ్ అరిగితే రెండోదీ అదే దారిలో ఉంటుంది కాబట్టి ఆ రాడ్ జత మొత్తం మార్చడం మంచిది. కానీ బిగువుగా ఉన్న రెండో వైపు రాడ్‌ని ముట్టుకోనక్కర్లేదు.

విప్పేముందు రాడ్ మీద రెండు వైపులా ఎన్ని మరలు బయటికి కనిపిస్తున్నాయో లెక్కపెట్టి రాసుకోండి, ఎండ్ మధ్య నుంచి ఎండ్ మధ్యకు పొడవు కొలవండి. స్ప్లిట్ పిన్ తీసి, నట్టు వదులు చేసి, పూర్తిగా తీయకుండా స్టడ్ చివరితో సమానంగా ఉంచండి. ఇప్పుడు సుత్తితో కొట్టాల్సింది స్టడ్ మీద కాదు, దాన్ని పట్టుకున్న నకల్ కన్ను (స్టడ్ దూరే రంధ్రమున్న భాగం) పక్కన. ఒక వైపు బరువైన సుత్తి ఆనించి రెండో వైపు నుంచి రెండు మూడు గట్టి దెబ్బలు వేస్తే టేపరు వదిలేస్తుంది. స్టడ్ మీద కొడితే మర చితికి నట్టు కూడా రాకుండా పోతుంది. ఫోర్కు లాంటి పనిముట్టుతో విడదీస్తే బూటు చిరుగుతుంది. పారేసే ఎండ్‌కైతే పర్వాలేదు, మళ్లీ వాడే బాల్ జాయింటుకు వద్దు.

కొత్తది ఎక్కించేటప్పుడు టేపరు, కన్ను రెండూ నూనె జిడ్డు లేకుండా తుడవండి. నట్టు బిగిస్తుంటే స్టడ్ కూడా తిరిగిపోతుంటే, ఎండ్ మీద జి క్లాంపు వేసి టేపరులోకి నొక్కి పట్టి బిగించాలి. ఎంత బిగించాలన్నది మాన్యువల్ చూసే తేల్చండి. యమహా కొన్ని మోడళ్లకు 25 న్యూటన్ మీటర్లు చెబితే, హోండా కొన్నింటికి 54 చెబుతుంది. ఆ కొలతకు బిగించాక పిన్ రంధ్రం నట్టు గాడికి ఎదురుగా రాకపోతే ఇంకాస్త బిగించి కలపాలి. వెనక్కి వదిలి కలపకూడదు. అలా వదిలిన నట్టుతో టేపరు కొద్దికొద్దిగా ఆడి, కన్ను గుండ్రం పోగొట్టుకుంటుంది. అప్పుడు నకలే మార్చాల్సి వస్తుంది. స్ప్లిట్ పిన్ ప్రతిసారీ కొత్తదే వేయండి. తీగ ముక్క చుట్టి పంపితే ఒప్పుకోకండి, మీ బండి ఎక్కేది డబ్బు కట్టి వచ్చిన అతిథి.

ప్రశ్న: మా బండిలో స్టీరింగ్ షాఫ్టు పై బుష్ పూర్తిగా అరిగిపోయింది. ఆ మోడల్ పార్టులు ఇక్కడ ఎక్కడా దొరకడం లేదు. లేత్ మీద నైలాన్‌తో చేయించుకోవచ్చా?
— అరకులోయ నుంచి

జవాబు: చేయించుకోవచ్చు. సరిగా చేస్తే ఒరిజినల్ అంత కాలమూ నిలుస్తుంది. అయితే నైలాన్ కంటే డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ రాడ్ అడగండి. నైలాన్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. మీ దగ్గర వర్షాకాలంలో నెలల తరబడి తడి ఉంటుంది, వేసవిలో హాయిగా తిరిగిన బుష్ ఆగస్టులో షాఫ్టుని పట్టేయవచ్చు. డెల్రిన్ నీళ్లను చాలా తక్కువగా పీలుస్తుంది. ఇంజనీరింగ్ ప్లాస్టిక్ రాడ్లు అమ్మే షాపుల్లో ముక్కలుగా కోసి ఇస్తారు. అదీ దొరక్కపోతే గన్‌మెటల్ వేయించండి, కానీ దానికి గ్రీజు ఎప్పుడూ ఉండాలి.

ముందు షాఫ్టుని కొలవండి. బుష్ కూర్చునే చోట పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా రెండు దిక్కుల్లో వెర్నియర్ పెట్టండి. వేలి గోరుకు తగిలేంత గాడి పడి ఉంటే కొత్త బుష్ ఎక్కువ కాలం ఆగదు, షాఫ్టు కూడా మార్చాల్సిందే. తుప్పు మాత్రమే ఉంటే 400 నంబరు నీటి కాగితంతో నున్నగా రుద్దితే చాలు.

లేత్ వాళ్లతో ఈ పని చెడేది ఒకే చోట. షాఫ్టు పైన హ్యాండిల్ క్లాంపు ఉంటుంది కాబట్టి గుండ్రటి బుష్‌ని పైనుంచి దించలేరు, అది రెండు ముక్కలుగా ఉండాలి. చాలామంది ముందు రంధ్రం వేసి, తర్వాత రంపంతో రెండుగా కోస్తారు. రంపం మందం మేరకు ముక్క పోతుంది, రెంటినీ కలిపి బిగించినప్పుడు రంధ్రం గుండ్రంగా ఉండదు, ఒక దిక్కున షాఫ్టుని నొక్కి ఇంకో దిక్కున వదిలేస్తుంది. కాబట్టి ముందు రాడ్‌ని రెండుగా కోయించండి. కోసిన ముఖాలు నున్నగా చేయించి, రెండు ముక్కలనూ కలిపి గట్టిగా పట్టి, ఆ తర్వాతే బోరింగ్ చేయించండి. లోపలి వ్యాసం షాఫ్టు కంటే 0.10 నుంచి 0.15 మిల్లీమీటరు పెద్దగా ఉంటే సరిపోతుంది. బయటి వ్యాసం హోల్డర్‌లో బుష్ తిరగకుండా పట్టేంత బిగువుగా ఉండాలి. లోపలి వైపు గ్రీజు నిలవడానికి సన్నని గాడి ఒకటి అడ్డంగా తీయించండి.

పాత హోల్డర్ బోల్టుల చుట్టూ చిన్న స్టీలు కాలర్లు ఉంటే పారేయకండి. బోల్టు బిగువు కాలరు మీద పడాలి, బుష్ మీద కాదు. కాలర్లు లేకుండా బిగిస్తే బుష్ నలిగి హ్యాండిల్ బిగుసుకుంటుంది. అప్పుడు బోల్టులు కాస్త వదిలి సరిపెట్టడం మెకానిక్కులు చేసే పనే గానీ, ఆ బోల్టులు తిరిగే బండిలో ఊడిపోతాయి. అంతా బిగించాక ముందు చక్రాలు గాల్లోకి లేపి హ్యాండిల్‌ని ఒక చివర నుంచి ఇంకో చివరికి ఒక్క వేలితో తిప్పండి. ఎక్కడా పట్టు తగలకూడదు.

అడుగు బేరింగుకు మోడల్ పేరుతో వెతకనక్కర్లేదు. పాత బేరింగు అంచు తుడిస్తే నంబరు కనిపిస్తుంది, ఏ బేరింగుల షాపులోనైనా ఆ నంబరుకే ఇస్తారు. ఉదాహరణకు 6004 అంటే లోపల 20, బయట 42, మందం 12 మిల్లీమీటర్లు. 6005 అయితే 25, 47, 12. నంబరు తర్వాత 2ఆర్ఎస్ అని ఉన్నదే అడగండి, రెండు వైపులా రబ్బరు సీలు ఉంటుంది. ఒక వైపు తెరిచి ఉన్నది బురదలో నిలవదు.

ప్రశ్న: డాలస్ దగ్గర మాకు కొంచెం పొలం ఉంది. 1990ల నాటి హోండా ఫోర్‌ట్రాక్స్ 300, నాలుగు చక్రాలకూ ఇంజను లాగుడు ఉండే రకం, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నాలుగు టై రాడ్ ఎండ్లూ నేనే మార్చాను. వదులు పోయింది గానీ ఇప్పుడు బండి నేరుగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ పక్కకు తిరిగి ఉంటోంది, ముందు టైర్లు అంచుల్లో అరుగుతున్నాయి. ఏం తప్పు జరిగి ఉంటుంది?
— టెక్సస్ నుంచి

జవాబు: ఎండ్లు బాగానే పడ్డాయి, రాడ్ల పొడవు మారింది. దాన్ని టేపుతో, చాక్‌పీసుతో ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

చదును నేల మీద, రెండు ముందు టైర్లలోనూ ఒకే గాలి పెట్టి, హ్యాండిల్ నేరుగా ఉంచి కట్టేయండి. ఒక్కో ముందు టైరుకు, హబ్ మధ్య ఎత్తులో, ముందు వైపు, ట్రెడ్ నట్టనడుమ గుర్తు పెట్టండి. రెండు గుర్తుల మధ్య దూరం కొలిచి రాసుకోండి. ఇప్పుడు బండిని చక్రం సరిగ్గా సగం చుట్టు తిరిగేలా ముందుకు తోయండి. గుర్తులు వెనక వైపు అదే ఎత్తుకు వస్తాయి. మళ్లీ కొలవండి. వెనక కొలత ఎక్కువైతే ఆ తేడాయే టో-ఇన్ (టైర్ల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండటం), తక్కువైతే టో-అవుట్ (బయటికి తిరిగి ఉండటం). బండిని వెనక్కి లాగి కొలవకండి, కీళ్లలో మిగిలిన వదులు రెండో దిక్కుకు జరిగి లెక్క తప్పుతుంది.

ఎంత ఉండాలన్నది మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో చూసి తీరాలి. చాలా ఏటీవీలకు 0 నుంచి 10 మిల్లీమీటర్ల టో-ఇన్ సరిపోతుంది గానీ, నాలుగు చక్రాలకూ లాగుడు ఉండే కొన్ని హోండాలకు కంపెనీయే టో-అవుట్ చెబుతుంది. ఇతర బండ్ల అంకె మీ బండికి పెట్టకండి. ఫోర్‌ట్రాక్స్ 300 చాలా ఏళ్లు, 1988 నుంచి 2000 దాకా తయారైంది కాబట్టి మాన్యువల్ తేలిగ్గానే దొరుకుతుంది.

తిప్పేటప్పుడు జాగ్రత్త. 1.25 పిచ్ మర, ఒక చివర కుడి మర, ఇంకో చివర ఎడమ మర కాబట్టి రాడ్‌ని ఒక చుట్టు తిప్పితే పొడవు 2.5 మిల్లీమీటర్లు మారుతుంది. నకల్ చెయ్యి 10 సెంటీమీటర్లు, టైరు సగం వ్యాసం 30 అనుకుంటే, ఆ ఒక్క చుట్టుకే టైరు ముందు అంచు 7.5 మిల్లీమీటర్లు ఒక వైపు, వెనక అంచు అంతే రెండో వైపు జరుగుతాయి. కొలతలో 15 మిల్లీమీటర్ల తేడా. అందుకే పావు చుట్టు తిప్పి, కొలిచి, మళ్లీ పావు చుట్టు తిప్పాలి. టై రాడ్లు ఇరుసుకు వెనక ఉంటే రాడ్ పొడుగైనకొద్దీ టో-ఇన్ పెరుగుతుంది, ముందు ఉంటే తగ్గుతుంది.

మీ రెండో సమస్య, హ్యాండిల్ వంకర. టో సరిగ్గా వచ్చాక కూడా హ్యాండిల్ పక్కకు ఉంటే ఒక రాడ్ ఎంత పొడిగిస్తారో రెండోదాన్ని అంతే పొట్టి చేయాలి. టో మారదు, హ్యాండిల్ మధ్యకు వస్తుంది. చివరికి రెండు రాడ్ల మీదా బయటికి కనిపించే మరలు దాదాపు సమానంగా ఉండాలి. 10 ఎంఎం మరైతే కనీసం 15 మిల్లీమీటర్లు లోపల ఉండాలి, అంతకంటే తక్కువ లోపలుంటే రాడ్ ఊడే ప్రమాదం ఉంది. లాక్ నట్లు బిగించేటప్పుడు రెండు ఎండ్లూ ఒకే వాలులో ఉండేలా పానాతో పట్టుకోండి. ఒకటి అటు, ఒకటి ఇటు మెలి తిరిగి ఉంటే హ్యాండిల్ చివరిదాకా తిప్పినప్పుడు కీలు అడ్డం పడుతుంది.

ఇవన్నీ సరిగా ఉన్నా ఒక వైపు లాగుతుంటే ముందు టైర్ల చుట్టుకొలత టేపుతో కొలవండి. మీ బండిలో ముందు చక్రాలకూ ఎప్పుడూ లాగుడు ఉంటుంది, ఒక టైరు కొత్తది, ఒకటి అరిగినది వేస్తే ఆ తేడా హ్యాండిల్‌కు తెలుస్తుంది.

ప్రశ్న: బీచ్ దగ్గర ఏటీవీలు అద్దెకు నడుపుతాం. కొత్త బాల్ జాయింట్లు, టై రాడ్ ఎండ్లు వేసిన కొన్ని నెలలకే మళ్లీ వదులవుతున్నాయి. మంచి కంపెనీవే వేస్తున్నాం.
— విశాఖపట్నం నుంచి

జవాబు: కంపెనీ తప్పు కాకపోవచ్చు, కడగడం చూడండి. సాయంత్రం ప్రెషర్ వాషర్ గన్ను బూటు దగ్గర పెట్టి కొడితే ఉప్పు నీళ్లూ ఇసుకా రబ్బరు అంచు కింద నుంచి లోపలికి వెళ్తాయి, మళ్లీ బయటికి రావు. ఆ తర్వాత కీలు ప్రతిసారీ ఇసుకతో రుద్దుకుంటుంది. కీళ్లను మామూలు పైపు నీళ్లతో, మంచి నీళ్లతో, బండి తిరిగిన రోజే కడగండి. ఉప్పు రాత్రంతా ఉండనివ్వకండి.

ఎండ్ కొత్తగా వేసేటప్పుడే బూటు అంచు మెల్లగా ఎత్తి, నీళ్లకు కరగని లిథియం కాంప్లెక్సు గ్రీజో, పడవల వాళ్లు వాడే మెరైన్ గ్రీజో నింపండి. బూటు ఉబ్బేంత కాదు, సగానికి కాస్త ఎక్కువ. టై రాడ్ మరలకు, లాక్ నట్టు కింద కూడా పూయండి, లేకపోతే ఏడాది తర్వాత టో సరిచేద్దామంటే నట్టు కదలదు. వారానికోసారి బూట్లు వేలితో తడిమి చూడండి. చిరుగు కనిపించిన రోజే మారిస్తే బూటుతో పోతుంది, నెల ఆగితే జాయింటు పోతుంది. విడిగా బూట్లు దొరుకుతాయి, ఖర్చు చాలా తక్కువ. సిరంజితో బూటులోకి గ్రీజు ఎక్కించడం కొందరు చేస్తారు. పార్టు వచ్చేదాకా నాలుగు రోజులు గడపడానికి అది పనికొస్తుంది, అద్దె బండికి శాశ్వత వైద్యం కాదు.

ప్రశ్న: మా పాత మహీంద్రా జీపు స్టీరింగ్ చాలా వదులు. బాక్సు మీద స్క్రూ బిగిస్తే తగ్గుతుందని బిగించాం. ఇప్పుడు మలుపు తిరిగాక స్టీరింగ్ వెనక్కి రావడం లేదు, వదులు కూడా పూర్తిగా పోలేదు.
— పాడేరు నుంచి

జవాబు: ఆ స్క్రూని అన్నిటికంటే చివర్లో ముట్టుకోవాల్సింది, మీరు మొదటే ముట్టుకున్నారు. వెంటనే వెనక్కి వదలండి. ఘాట్ రోడ్డు మీద మలుపు తర్వాత తిరిగి రాని స్టీరింగ్, వదులు స్టీరింగ్ కంటే ప్రమాదం.

ముందు బాక్సుని ఛాసీకి పట్టిన బోల్టులు చూడండి. ఇద్దరు కావాలి. ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు బాక్సు మీద చెయ్యి పెట్టాలి. బాక్సే కదులుతుంటే బోల్టులు వదులు, లేదా ఛాసీ దగ్గర పగులు. తర్వాత డ్రాగ్ లింక్, అంటే బాక్సు చెయ్యి నుంచి చక్రాల వైపు వెళ్లే రాడ్. పాత జీపుల్లో దాని చివర బాల్ కప్పులు, స్ప్రింగు, మరలున్న ప్లగ్గు, స్ప్లిట్ పిన్ ఉంటాయి. స్ప్రింగు విరిగి ఉంటే ప్లగ్గు ఎంత బిగించినా ప్రయోజనం లేదు. ఆ తర్వాత టై రాడ్ ఎండ్లు, ఆ తర్వాత కింగ్ పిన్ (చక్రం కుడికీ ఎడమకీ తిరిగే కీలు) బేరింగులు. చక్రం లేపి పైనా కిందా పట్టి ఊపితే నకల్ గోళం దగ్గర కదలిక కనిపిస్తే షిమ్ములు (మూత కింద వేసే సన్నని రేకులు) తగ్గించాలి. పై మూత కిందా, అడుగు మూత కిందా రెండు చోట్లా షిమ్ములున్న యాక్సిల్ అయితే రెంటిలోనూ సమానంగా తీయాలి, లేకపోతే యాక్సిల్ జాయింటు మధ్య తప్పుతుంది. ఒక వేగం దగ్గర ముందు చక్రాలు పిచ్చిగా వణికే జబ్బు చాలావరకు ఈ కింగ్ పిన్ వదులు వల్లే వస్తుంది.

ఇవన్నీ బాగుపడ్డాకే బాక్సు. డ్రాగ్ లింక్ విప్పి, స్టీరింగ్‌ని ఒక చివర నుంచి ఇంకో చివరికి చుట్లు లెక్కపెట్టి సరిగ్గా మధ్యలో ఉంచండి. లాక్ నట్టు వదిలి, స్క్రూ కొద్దికొద్దిగా బిగించండి. మధ్యలో ప్లే పోయి, సన్నని పట్టు తగలగానే ఆపండి. నేరుగా నడిచేటప్పుడు ఎక్కువ వాడేది మధ్య భాగమే, అరుగుదలా అక్కడే ఎక్కువ. పక్కకు తిప్పి ఉంచి బిగిస్తే మధ్యకు రాగానే పట్టేస్తుంది. మధ్యలో సరిచేశాక చివరలకు తిప్పితే బిగుసుకుంటోందంటే లోపలి భాగాలు బాగా అరిగాయి, బాక్సు విప్పాల్సిందే. బాక్సులో నూనె మట్టం కూడా చూడండి, పాత బాక్సులు సీలు దగ్గర కారి చాలాకాలం ఎండిపోయి ఉంటాయి.

ప్రశ్న: రాయికి కొట్టుకుని టై రాడ్ వంగింది. వేడి చేసి సరి చేయించి వాడొచ్చా? వెల్డింగ్‌తో బలం పెట్టించవచ్చా?
— ఖమ్మం జిల్లా నుంచి

జవాబు: రెండూ వద్దు. వంగిన రాడ్‌ని వేడి చేసి సాగదీస్తే ఆ చోట స్టీలు మెత్తబడుతుంది, తర్వాతి దెబ్బకు అక్కడే మడుస్తుంది. వెల్డింగ్ చేసిన చోట పక్కనే గట్టిపడి పెళుసవుతుంది, వంగకుండా ఒక్కసారిగా విరుగుతుంది. టై రాడ్ విరిగితే ఆ వైపు చక్రం మీ చేతిలో ఉండదు. కొత్త రాడ్ దొరకకపోతే అదే మందం ఆరు పలకల మంచి స్టీలు రాడ్‌కి రెండు చివర్లా, ఒకటి కుడి, ఒకటి ఎడమ మర లేత్ మీద వేయించుకోవచ్చు. పొడవు పాతదానితో కాదు, వంగని రెండో వైపు రాడ్‌తో సరిపోల్చుకోండి. ఆ దెబ్బకు ఎ ఆర్మ్ కూడా వంగి ఉండవచ్చు, కాబట్టి రాడ్ వేయకముందే రెండు వైపులా ఎ ఆర్మ్ ఫ్రేము బోల్టు నుంచి బాల్ జాయింటు దాకా టేపు పెట్టి చూడండి. తేడా ఉంటే ముందు అది మార్చి, తర్వాత టో పెట్టండి.